ఆడువారికి చూపని యాఖరి రీలు

మాఘమాసపు సాయంసమయమున గుండ్లకమ్మ సైకతములపైనుండి వీచు శీతలానిలము పొగాకు చేలమీదుగా నడచి వచ్చుచు పచ్చియాకు జిగురువాసనను మోసికొని పొగడదిన్నె గ్రామమున ప్రవేశించుచుండ, అస్తాద్రి చేరు భానుబింబము పండుమిరపకాయవలె ఎఱ్ఱనై మెట్టచేల యంచున వ్రేలాడుచుండ, దినమెల్ల ఆకు కొట్టి నల్లబడిన చేతులను ఇసుకతో తోముకొని యిండ్లకు మరలు స్త్రీపురుషుల పాదధూళి గోధూళితో కలసి యేది యెవరిదో తెలియరాకుండ, ఊరికి తూర్పున నూర్పిడులు ముగిసి వట్టిపోయిన కళ్ళముపై నూతనముగ నెత్తబడిన సినిమాగుడారము తన శిరమున గట్టిన బాకాయంత్రముతో మధురమో కర్కశమో నిర్ణయింపరాని కంఠమున పాట నెత్తుకొనెను. ఆ పాట విని కొట్టములలోని యెద్దులు సైతము చెవులు నిక్కించెను. మనుష్యుల మాట చెప్పనేల?

సినిమా విషయమున ఆ గ్రామమున నొక యాచారము కలదు. గుడారము వచ్చిన దినమున ఆడు మొదటి యాట కేవలము పురుషులకే. ఊరి పెద్దలు ముందువరుస బల్లలపై నాసీనులై, పొయ్యిమీది కూర దింపకముందు ఉప్పు చూచు రీతిని, చిత్రమును ఆద్యంతము రుచి చూచి తగునని తల యూచిన పిదపనే మఱునాటి యాట ఆడువారికి విడువబడును. తాము చూచి చెడిన చెడుదుముగాక ఆడువారు మాత్రము చెడరాదని ఆ పెద్దల దయార్ద్రహృదయముల తలంపు. ఈ పరీక్షాధికారులలో నగ్రగణ్యుడు పోతిని యలమందయ్య. పచ్చియాకును పొయ్యివేడికి పండించు రెండు పొగాకు బ్యారన్లకు యజమాని, పంచాయతీలలో మాట చెల్లుబడి గలవాడు, పరుల నడకను పలుకును అనుకరించి యెంతటి గంభీరుని నైనను కడుపు పట్టుకొని నవ్వునట్లు చేయగల వాక్చతురుడు. ఆయన నవ్విన తరువాతగాని ఊరు నవ్వదు.

అట్టి నవ్వులరాజు గృహమున కార్తీకమాసము మొదలుకొని నవ్వు వినబడుట లేదు. ఆయన యేకైక పుత్రిక శేషారత్నము భర్త కొట్టిన దెబ్బకు కుడిమోచేయి కీలు తప్పి వంకరపోగా పుట్టింటికి వచ్చియుండెను. బిడ్డ చేతిని చూచినప్పుడు తండ్రి మనస్సు కలగకపోలేదు. కాని బజారులో నలుగురు కలసి "ఏం యలమందన్నా, అమ్మాయిని ఇంకా పంపలా?" అని యడిగినప్పు డంతకంటె నెక్కువగా కలగుచుండెను. శుక్రవారమున బండి కట్టుకొని వచ్చి కోడలిని కొనిపోయెదనని వియ్యంకుడు అంకినీడు వర్తమానము పంపగా ఆయన బిడ్డను మాటమాత్ర మడుగక సరే యని ప్రత్యుత్తరము పంపెను.

బుధవారపు రాత్రి పురుషుల యాట జరిగెను. అది యొక యిల్లాలి కథ. తెరపై భర్త భార్యను చెంపపై కొట్టినప్పుడెల్ల గుడారమున ఈలలు మ్రోగెను. "ఇంకొకటి తగిలించరా అబ్బాయ్, దరువు సరిపోలా!" అని యలమందయ్య కేక వేయగా నవ్వులు గుడారపు గుంజలను కదలించెను. ఆమె వర్షమున తడియుచు వెడలగొట్టబడి పుట్టింటి గడపపై పడి వెక్కి వెక్కి యేడ్చునప్పుడు ఆ పురుషులే ఉత్తరీయములతో కన్నులొత్తుకొనిరి. ఎంత చక్కగా నేడ్చినదని మెచ్చుకొనిరి. పిదప మరల తీసికొనిపోవ వచ్చిన భర్త యెదుట ఆమె తల యెత్తి నోరు తెరవగనే రీలు మారెను. ఆఖరి రీలున ఆమె, "నీ ఇంట్లో నాకు చోటుంది, మాట లేదు. మాట లేని చోటికి నేను రాను" అని తలుపు మూసెను. అంతవఱకు చల్లగా నున్న గుడారము పేలాల మంగలమువలె చిటపటలాడెను. స్త్రీ దుఃఖించునంతసేపు ఆ చిత్రము మహాద్భుతముగ నుండెను. ఆ దుఃఖమునకు కారణము చెప్పబోవగనే చెడిపోయెను! అంతమందిలో ఒక్కడును ఆ తెరపై భర్త తనవంటివాడని తలపకుండుట విశేషము. ప్రతివాడును పక్కవాని వంక చూచి నవ్వెను.

యలమందయ్య ఉత్తరీయమును ముసుగుగ వేసికొని బల్లపై నిలిచి, ముక్కుతో సాగదీసి, "నేను రానండీ! నేను రా...ను!" అని నడుము త్రిప్పుచు అనుకరింపగా జనులు నేలపై పడి దొర్లిరి. కాని ముసుగు తీసిన పిదప ఆయన మొగమున నవ్వు నిలువలేదు. శుక్రవారపు బండి జ్ఞప్తికి వచ్చెను. ఈ మాటలు రత్నము చెవిని పడిన నేమి గతి?

గుడారము యజమాని చినగాలెయ్యను ఆయన పక్కకు పిలిచెను.

"గాలెయ్యా, బొమ్మ బాగానే ఉంది గాని తోక పొడుగైందయ్యా. రేపు ఆడోళ్ళకు ఆ ఆఖరి రీలు వెయ్యబాక."

"అదేందయ్యా! కతంతా ఆ రీల్లోనే గదా ఉండేది?"

"అందుకే వెయ్యబాకనేది. గడపకాడ పడి ఏడుస్తదే, ఆడికి శుభం వేసి దీపాలు ఎలిగించు. ఏడుపు చూస్తే చాలు వాళ్ళకు, కడుపు నిండిపోద్ది."

"కళ్ళం మీది, మాట మీది. నాదేముంది?" అని చినగాలెయ్య తల గోకికొనెను. చుట్టునున్న పెద్దలు యలమందయ్య దూరదృష్టిని శ్లాఘించిరి.

మఱునాడు స్త్రీలు పిల్లలను చంకనెత్తుకొని చాపలు చుట్టి పట్టుకొని గుడారమున ప్రవేశించిరి. పెద్దలు కళ్ళపు గట్టుపై కూర్చుండి లోపలి సవ్వడికి చెవి యొగ్గిరి. ముందునాడు ఈలలు మ్రోగిన తావుల నేడొక్క ధ్వనియు లేదు. భర్త కొట్టినప్పుడు లోపల నెవ్వరును ఏడ్చినట్లుగూడ వినబడలేదు. గడపపై పడి నాయిక విలపించు పాట ముగిసెను. దీపములు వెలిగెను. కాని గుడారము నుండి యొక్కరును వెలుపలికి రాలేదు. కొంత తడవునకు చాపలు చుట్టు చప్పుడు వినవచ్చెను. స్త్రీలు ఒకరితో నొకరు పలుకక, గట్టుపై నున్న పురుషులవంక చూడక, తమ దారిని పోయిరి.

"చూశారా, మందు చల్లినట్టు ఎట్టా అణిగారో!" అని యలమందయ్య మీసము సవరించెను.

ఆ యణకువ యెట్టిదో తెల్లవారిన పిమ్మట తెలిసెను. శుక్రవారము ప్రాతఃకాలమున ఆయన తన బ్యారన్ కడకు పోయి, పచ్చియాకును కఱ్ఱలకు కట్టు పందిరి వెనుకకు రాగా లోపల స్త్రీల నవ్వులు వినబడెను. పందిరి నడుమ పొరుగింటి కోడలు తిరపతమ్మ యను పడుచు తలకు తువాలు చుట్టుకొని మగవాని ఠీవితో నడుచుచుండెను. బండి వచ్చుదాక చేతులు కట్టుకొని కూర్చుండలేక పనిలోనికి వచ్చిన శేషారత్నము ఎడమచేతితో ఆకు సర్దుచు ఒక మూల నుండెను.

"రాయే ఇంటికి, ఎసరు కాగి ఇగిరిపోతంది!" అని తిరపతమ్మ బొంగురుగొంతుతో గద్దించెను.

"నేనైతే తలుపేసి గొళ్ళెం పెడతా," అని యొకతె పలికెను.

"గొళ్ళెమెందుకే? తెరిచే పెడతా. ముందు వాణ్ణే గిన్నెలు తోమమంటా," అని మఱియొకతె.

పందిరి యంతయు గొల్లుమనెను. అప్పుడు ఆకు కట్టుటలో నందఱికంటె చేయితిరిగిన ముసలి ఆదెమ్మ దారము నోట కొఱికి త్రెంచి, "నేనూ ఒకప్పుడు తలెత్తి నోరు తెరిచాలేయే. మా మామ గుడ్లురిమాడు. నా కతక్కూడా ఆడనే శుభం పడింది," అనెను.

"నువ్వు చెప్పవే రత్నమ్మా, ఆమె తలెత్తి ఏమనబోయిందంటావు?" అని తిరపతమ్మ తువాలు తీసి యడిగెను.

"నాకేం తెలుసు వదినా? మధ్యాన్నం బండొస్తది. మా నాయన ఏమంటే అదే నా కత."

యలమందయ్య ముందుకు పోజాలక వెనుకకు మరలజాలక ఆకుగుట్ట చాటున నిలుచుండిపోయెను. ఒక్క రీలును దాచి కథను కట్టివేసితినని తలంచినవానికి, ఊరిలో ఎందఱు స్త్రీలు కలరో అన్ని రీళ్ళు ఆ రాత్రి తిరిగినవని తెలిసెను. అందఱికిని ఏదో యొక ముగింపు కలదు. తన కడుపున పుట్టినదానికి మాత్రము లేదు. దానిని కత్తిరించినవాడు చినగాలెయ్య కాడు. పచ్చియాకు ఘాటునకు కన్నులు మండుచున్నవని తనకు తానే చెప్పుకొనుచు ఆయన చాటుగ వెడలిపోయెను. తన పందిరి నుండి తానే దొంగవలె తొలగిపోవలసి వచ్చుట ఆయన యెఱుగని యనుభవము.

మధ్యాహ్నమునకు అంకినీడు బండి వచ్చి వీధిలో నాగెను. వియ్యంకుడు కాళ్ళు కడుగుకొని యరుగుపై గూర్చుండెను. ఎదుటి యరుగులపై ఊరిపెద్దలు చుట్టలు ముట్టించుకొని సాగనంపుట చూడ జేరిరి. లోపలిగదిలో శేషారత్నము ఎడమచేతితో చీరలు మడిచి మూట కట్టుచు ముడి బిగియక పంటితో లాగుచుండ తండ్రి ద్వారబంధమున నిలిచెను. తల్లి మాణిక్యమ్మ గోడకు జేరగిలబడి యుండెను.

"రత్నమ్మా, నీకొక మాట చెప్పాల."

"చెప్పు నాయనా."

"నిన్నటి సినిమా... ఆడ అయిపోలేదమ్మా. ఇంకొక రీలుంది. నేనే వెయ్యొద్దన్నా."

"తెలుసు."

"ఎవరు చెప్పారే?"

"ఒకరు చెప్పాలా? ఆట మొదలు ఏడ్చిన మనిషి తలెత్తి నోరు తెరిచింది. మాట రాకముందే దీపాలు ఎలిగినై. ఆడది నోరు తెరిచేటప్పటికి ఆపేది ఎవరు నాయనా, మనూరి మగోళ్ళేగా?"

"అది చూస్తే నువ్వు పోనంటావేమోనని భయపడ్డానమ్మా."

శేషారత్నము ముడి వదలి తండ్రి మొగమువైపు చూచెను. "బొమ్మ చూసి పోనంటానా? నా రెక్క చూసుకుని అనలేనా నేనా మాట? అనుకోటం ఎప్పుడో అనుకున్నా. నువ్వంటావేమోనని కార్తీకం నించి నీ మొహం చూస్తన్నా. నువ్వు నా చెయ్యి చూడకుండా బజారు మొహం చూస్తివి."

ఈ పలుకులు పెద్దగ పలికినవి కావు. కాని పంచాయతీలలో నెందఱినో తలవంచునట్లు చేసిన యా మనుష్యుని తల మొట్టమొదటి పర్యాయము తనంతట తానే వంగెను.

"ఇంతకూ ఆ తల్లి ఏమందంట?" అని మాణిక్యమ్మ గోడకడనుండి పలికెను. "మీరందరూ విని నవ్వుకున్నారంటగా. అదేందో చెబితే మేమూ విని చస్తాం."

చెప్పవలసి వచ్చెను. యలమందయ్య నోరు తెరచెను. తెరవగానే బుధవారపు టాటలోని యా ముక్కుగొంతు, ఆ సాగదీత, ఆ వెటకారము అలవాటుకొలది నాలుకపైకి దుమికి "నేను రా..." వఱకు వచ్చి, కూతురి వంకరపోయిన మోచేతిని చూచి యచ్చటనే చచ్చెను. ఆ మాటలను పరిహాసము లేకుండ పలుకుట యెట్లో ఆయనకు తెలియలేదు. ఎన్నడును పలికియుండలేదు. రెండవమారు, బడిపిల్లవాడు పాఠ మప్పగించునట్లు నేలచూపులు చూచుచు, "నీ ఇంట్లో నాకు చోటుంది, మాట లేదంది. మాట లేని చోటికి రానంది," అని ముగించెను.

తల్లీకూతుళ్ళు నవ్వలేదు, ఏడ్వలేదు. ఈ మాత్రము మాటకేనా ఇంత దాపరికమన్నట్లు ఒకరివంక నొకరు చూచుకొనిరి. ఆ చూపు యలమందయ్యను కొట్టిన దెబ్బ తెరపై నెవ్వరును ఎవ్వరిని కొట్టియుండరు.

ఆయన వెలుపలికి వచ్చెను. అంకినీడు లేచి, "బావగారూ, వర్జ్యం రాకముందే కదలాల. అమ్మాయిని పిలవండి," అనెను.

"అమ్మాయి రాదు బావగారూ. నేను పంపను."

"ఏందీ! మొన్న సరేనన్నారే?"

"మొన్న సిగ్గులేక అన్నా. మీవాడు కొట్టిన చెయ్యి ఇంకా తిన్నగా రాలా. వాడు మనిషై వచ్చి అడిగిననాడు అది తన నోటితోనే చెప్తది, వచ్చేదీ రానిదీ."

అంకినీడు ముఖము జేవురింపగా ఉత్తరీయము విదిల్చి, "బిడ్డనాపుకుని ఊళ్ళో తలెత్తుకు తిరగండి, చూస్తాం!" అని బండి యెక్కెను. గిత్తలు మరలెను. చక్రముల చప్పుడు ఇంకను వీధిమొగను దాటకముందే ఎదుటి యరుగుపై నుండి కోటిలింగ మనువాడు తలగుడ్డ విప్పి ముసుగు వేసికొని లేచెను.

"ఏం యలమందన్నా! ఆఖరి రీలు మీ ఇంట్లో ఆడిస్తన్నావా? నేను రానండీ! నేను రా...ను!"

అరుగులన్నియు ఘొల్లుమనెను. ఆ ముక్కుగొంతు, ఆ సాగదీత, ఆ నడుము త్రిప్పుట అక్షరాల తాను నేర్పిన విద్యయే. కోపించు హక్కు తనకు లేదని యెఱుగును. వీధి పొడవున తలుపుల చాటున, దడుల సందున స్త్రీలు నిలిచి చూచుచుండిరి. వారిలో నెవ్వరును నవ్వలేదు. భేషని మెచ్చుకొన్నవారును లేరు. తన యింటి పిల్లను తన యింట నుంచుకొన్నవానిని మెచ్చుకొనుట కేమున్నది?

శేషారత్నము చెంబుతో నీళ్ళు తెచ్చి యెడమచేత నందించెను. ఆయన పుచ్చుకొని త్రాగక నిలిచి, నేలనుండి చూపెత్తక, "కోపం పోయిందా అమ్మా?" అని మెల్లగ నడిగెను.

"పోద్దిలే నాయనా," అని ఆమె చెంబుకొఱకు చేయి చాపెను. "ఇయ్యాలే కాదు."

ఆనాటి సాయంకాలము యలమందయ్య కూలివానిని లేపి పంపివేసి, ఆకు పండుచున్న తన బ్యారన్ పొయ్యి యెదుట తానే గొంతుక్కూర్చుండి కట్టెలు త్రోయుచుండెను. దారిని పోవువా రెవ్వరైనను ఆ మొగము చూచి మంటవేడికి ఎఱ్ఱబడినదనుకొందురు. అట్లనుకొనుటయే ఆయనకు కావలసియుండెను. పరుల యాడుబిడ్డ యేడ్పును చీకటిలో కూర్చుండి చూచునప్పుడు మగవాడు తన మొగము నెవ్వరును చూడరని తలంచును. ఇంటిలోని కన్నులు మాత్రము ఆ చీకటియందును చూచుచునే యుండును. యలమందయ్య మఱియొక కట్టెను లోనికి త్రోసి, మంట యెగసినను వెనుకకు జరుగక, అట్లే కూర్చుండెను.