అక్క కాళ్ల కింద వానపాములు

పొద్దున్నే వాకిట్లో నిలబడి టీ తాగడం అక్కకి అలవాటు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆవిడ కాళ్ల చుట్టూ మట్టి గుల్లబారి, వానపాములు ఒకటొకటిగా పైకొస్తాయి. వాటిని తట్టలోకి ఎత్తి, పెరటి తోటలో క్యాబేజీ మడుల్లో వదిలి, కాళ్లు కడుక్కుని, కోసిన కూరగాయలు సర్దుకుని మార్కెట్‌కి బయల్దేరుతుంది. ఆవిడ ఎక్కడ కాసేపు కదలకుండా నిలబడినా అంతే. చిన్నప్పటి నుంచీ ఉన్నదే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆసుపత్రి క్యూలో నిలబడితే మాత్రం కాంపౌండరు, "అమ్మా, నువ్వు కాస్త అటూ ఇటూ తిరుగుతుండు, మొన్ననే కొత్త బండలు వేయించాం" అనేవాడు. ఆవిడ సరేనని తిరుగుతుండేది.

ఆవిడ తమ్ముడు వ్యవసాయ శాఖలో ఆఫీసరు. అమ్మానాన్నా పోయాక కూరగాయలమ్మి అతన్ని చదివించింది అక్కే. ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉంటారు. అతని తల సగం నెరిసినా, అతని చొక్కాలు ఇంకా ఆవిడే ఉతుకుతుంది. వేరేవాళ్లు ఉతికితే కాలరు మురికి వదలదని ఆవిడ నమ్మకం.

ఆ ఏడు ప్రభుత్వం ఉన్నట్టుండి ఈ చుట్టుపక్కలంతా ఇక సేంద్రియ వ్యవసాయమేనని ప్రకటించింది. తమ్ముడు వెళ్లి పురుగుమందుల కొట్టుకి తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకొచ్చాడు. ఎరువుల బస్తాలు ఎత్తుకుపోయే లారీలు చెప్పిన రోజుకే వచ్చాయి. వాటి బదులు ఇస్తామన్న కంపోస్టు లారీలు మాత్రం దారి మర్చిపోయాయి. రైతులు సంఘంగా చేరితే పంటకి ఆకుపచ్చ ముద్ర వేసి నగరంలో మంచి ధరకి అమ్మిపెడతామన్నారు. ఎవరి తోటలోనైనా మందు కొట్టినట్టు తేలితే ఆ తోటకి మూడేళ్లపాటు ముద్ర ఉండదు, కొట్టినవాళ్లకి సంఘంలో చోటూ ఉండదు.

"తినేవాళ్ల ఆరోగ్యం బాగానే చూస్తున్నారు సార్, పండించేవాళ్ల సంగతో?" అని రైతులు అడిగితే తమ్ముడు, "పైనుంచి వచ్చిన నిర్ణయం" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఎవరి మొహంలోకీ చూసేవాడు కాదు.

ఇంతలో మంత్రిగారు స్వయంగా వచ్చి పథకం ఎలా నడుస్తోందో చూస్తారని కబురొచ్చింది. చూపించడానికి అక్క తోటకి మించింది ఏముంటుంది? కానీ సరిగ్గా అప్పుడే క్యాబేజీకి పురుగు పట్టింది. ఆకులన్నీ జల్లెడలైపోయాయి. అక్క వెల్లుల్లి కషాయం చల్లింది, చేత్తో ఏరింది.

"సగం పోతే పోయిందిలేరా," అంది. "మంత్రిగారికి చిల్లులు కూడా చూపిద్దాం. పురుగు బతికిందంటే తిన్న మనిషీ బతుకుతాడని అర్థం."

తమ్ముడికి నవ్వు రాలేదు. పెద్దాఫీసరు అప్పుడే ఫోన్ చేసి, మంత్రిగారి ఫోటోలో ఒక్క చిల్లు కనబడినా నీ సీటు ఉండదని చెప్పి పెట్టేశాడు.

అక్క మార్కెట్‌కి వెళ్లిన పూట తమ్ముడు తోట గేటు గడియ వేసుకుని, తాను మూయించిన కొట్టులోంచి తెచ్చుకున్న డబ్బా మూత తిప్పాడు. ఒక్కసారే కదా అనుకున్నాడు. అలా సర్దిచెప్పుకోవాల్సి వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా తోటంతా కొట్టాడు. మందు వాసన కొడుతున్న చొక్కా విప్పి ఉతికే బట్టల అడుగున దోపాడు.

క్యాబేజీలు కొత్త ఆకులేసి నిగనిగలాడాయి. అక్క టీ గ్లాసు పట్టుకుని వాకిట్లో నిలబడింది. టీ చల్లారిపోయింది. కాళ్ల కింద మట్టి కదల్లేదు.

"నావల్ల ఏం తప్పు జరిగిందిరా?" అని అడిగింది.

"ఎండలు ముదిరాయి కదక్కా," అన్నాడు.

ఆవిడ బయటికి వెళ్లేటప్పుడు చెప్పులేసుకోవడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో కాంపౌండరు తిరుగుతుండమని అనకుండా కుర్చీ చూపించి, "కూర్చోండమ్మా" అన్నాడు. ఆ మర్యాదకి ఆవిడ కళ్లనీళ్ల పర్యంతమైంది. వానపాములు రావడం లేదంటే మందు కొట్టిందన్నమాటేనని సంఘంలో గుసగుసలు బయల్దేరాయి. మంత్రి రాకముందే తేల్చేయాలని మీటింగు పెట్టారు.

"అక్కా, ఏమీ అనుకోకండి, ఒకసారి చెప్పులు విప్పి నిలబడండి," అన్నాడు సంఘం అధ్యక్షుడు.

ఆవిడ విప్పి నిలబడింది. అందరూ నేలకేసి చూస్తూ కూర్చున్నారు. ఏమీ రాలేదు. తమ్ముడు పెద్దాఫీసరు పక్క కుర్చీలో పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. నోరు తెరిస్తే అక్క పరువు నిలబడుతుంది. నోరు తెరవలేదు.

"తోటలో మందు ఎవరు కొట్టారక్కా?" అని అడిగాడు అధ్యక్షుడు.

అక్క ఒక్కసారి తమ్ముడివైపు చూసింది. చొక్కా ఉతికింది ఈవిడే కదా అని అతనికి అప్పుడు తట్టింది.

"నేనేనండీ," అంది అక్క. "పురుగు చూసి బుద్ధి గడ్డి తింది."

ఆ మాట పూర్తికాకుండానే ఆవిడ పాదాల దగ్గర బండ చిట్లింది. చీలికలోంచి ఒక వానపాము తలెత్తింది, దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత గుంపు. ఆవిడ మడమల దాకా కమ్ముకున్నాయి. అధ్యక్షుడు లేచి నిలబడి, "ఈవిడ కాదు," అన్నాడు.

"మరి ఆ గేటు గడియ తీసే చెయ్యి ఇంకెవరిది?" అంది వెనక వరసలోంచి ఒక ముసలామె.

తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. "నేనే," అన్నాడు తమ్ముడు. అందరికీ తెలిసిపోయాక ఒప్పుకున్నందుకు, ఒప్పుకోవడం కూడా అతనికి సిగ్గుగానే అనిపించింది. అక్క మాత్రం, "వాడు కాదండీ, చిన్నవాడు, వాడికేం తెలుసు" అంటూనే ఉంది.

తమ్ముడి ఉద్యోగం పోయింది. పెద్దాఫీసరు ఫోన్ సంగతి అడిగినవాళ్లు లేరు, ఆయన మంత్రికి వేరే తోట వెతికాడు. అక్క సంఘంలోనే ఉంది కానీ, తోటకి ముద్ర పోయింది. ఆవిడ రోడ్డు పక్కన కూర్చుని అమ్ముకుంది. మరుసటి ఏడు ప్రభుత్వం ఆ పథకాన్నే ఎత్తేసింది. మందుల కొట్టు మళ్లీ తెరవడానికి అదే మంత్రి వచ్చి రిబ్బను కత్తిరించాడు. అక్క మాత్రం కషాయమే కాచుకుంది.

తమ్ముడిప్పుడు తోటలోనే పని చేస్తున్నాడు. రోజూ టీ వేళకి అక్క పక్కన వట్టి కాళ్లతో నిలబడతాడు. ఆవిడ కాళ్ల కింద వస్తాయి, అతని కాళ్ల కింద రావు. తట్టలోకి ఎత్తడానికి వంగుతాడు, ఆవిడ మొహంలోకి చూడడు.

ఒక పొద్దున అక్క గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది.

"కదలకురా."

"ఏమైందక్కా?"

"కిందికి చూడు."

అతని మడమకి ఏదో చల్లగా, మెత్తగా తగిలింది. ఇన్నాళ్లూ తల దించుకునే తిరిగినవాడు, ఇప్పుడు మాత్రం కిందికి చూడలేకపోయాడు. ఎదురుగా గోడకేసి చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

అక్క తట్ట తేవడానికి లోపలికి వెళ్లింది.