చెరువు గట్టు మీద మెలకువ

నేను ఒక పాత సెల్‌ఫోన్‌ని. ఆ మధ్యాహ్నం ఇంట్లో గొడవ నా గురించే మొదలైంది. నన్ను సొరుగులోంచి బయటికి తీసేసరికి మాత్రం అది నన్ను దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది.

వీధిలో బండివాడి మైకు ఒకటే మాట తిప్పి తిప్పి చెబుతోంది. పాడైపోయిన సెల్‌ఫోన్లు తీసుకుంటాం, ప్లాస్టిక్ సామాన్లు ఇస్తాం. తాయారు నన్ను చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె భర్త చంద్రం కంచం ముందు కూర్చుని ఉన్నాడు.

"ఇచ్చేసి బకెట్టు తెచ్చుకో తాయారూ. దాన్ని నమ్మి ఒకసారి మునిగాం, చాలదా?"

"బకెట్టు ఇస్తాడంట, మూత ఇవ్వడంట."

"బకెట్టుకి మూతెందుకే?"

"కుళాయి రోజు మార్చి రోజు వస్తోంది. పట్టిన నీళ్ళ మీద మూత లేకపోతే దోమలు చేరతాయి. ఇంట్లో ఉండేవాళ్ళకి తెలుస్తాయండి ఇవన్నీ."

అన్నం కలుపుతున్న చంద్రం చెయ్యి ఆగింది. "మొదలెట్టావా?"

"ఇప్పుడు మొదలెట్టిందా ఇది? పదకొండేళ్ళయింది."

పదకొండేళ్ళుగా చంద్రం రాత్రిళ్ళు ఇంట్లో పడుకోవడం లేదు. ఆకివీడు అవతల లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు గట్టు మీద, రేకుల షెడ్డులో పడుకుంటాడు. చెరువులో చక్రాలు తిరుగుతుంటాయి. ఏరియేటర్లంటారు వాటిని. నీళ్ళను చిలికి గాలి కలుపుతాయి. కరెంటు పోయి అవి ఆగాయంటే, ఎవరో ఒకరు లేచి డీజిల్ ఇంజను వెయ్యాలి. ఆలస్యమైతే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. ఆరు నెలల కష్టం ఆ నీళ్ళలోనే పోతుంది. అందుకని చంద్రం ఆ మోతలోనే నిద్రపోవడం నేర్చుకున్నాడు, మోత ఆగగానే లేవడం కూడా. అలారం పెట్టుకుంటే లేవని మనిషి, చప్పుడు ఆగితే దిగ్గున లేచి కూర్చుంటాడు.

తాయారుకి కావలసింది ఒక్కటే. ఆయన ఇంటికొచ్చి పడుకోవాలి. బకెట్టు మూత గురించి ఎంతసేపు మాట్లాడినా ఆమె మాట్లాడుతున్నది దాని గురించే.

నా సంగతి కూడా చెప్పాలి. నేను పుట్టింది ఏదో ఊరి శివార్లలో ఉన్న కార్ఖానాలో. నీలం టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు వరసగా కూర్చుని మమ్మల్ని బిగించేవారు. నాకు చివరి మర తిప్పిన అమ్మాయి ఆవులిస్తూ తిప్పింది. నా లోపల ఉన్నది ఆర్మ్ అనే రకం చిప్పు. తక్కువ తింటుంది, తక్కువ వేడెక్కుతుంది, కాస్త బ్యాటరీతో రోజంతా నెట్టుకొస్తుంది. దాని మీద ఒక్క సిస్టమే నడవాలని ఏమీ లేదు. కాకపోతే కంపెనీవాళ్ళు తమ సిస్టమ్ ఎక్కించి, పైన తాళం వేసి పంపుతారు.

ఇళ్ళల్లో ఫోన్లు పైనుంచి కిందికి దిగుతాయి. మొదట నేను చంద్రం జేబులో ఉన్నాను. అరచేతిలో రొయ్యల్ని పెట్టుకుని ఎన్ని ఫొటోలు తీయించాడో. తర్వాత కూతురు ప్రవల్లిక చదువుకి వచ్చాను. ఆమెకి కొత్తది కొన్నాక తాయారు చేతికి, తాయారుకి కూతురి పాతది దొరికాక నాయనమ్మ సూరమ్మ తలగడ పక్కకి చేరాను. సూరమ్మ నాతో ఏమీ చేయలేదు. వెలుగు వస్తే టైము చూసుకునేది. అక్కడినుంచి సొరుగులోకి.

చంద్రం చెప్పిన మునక ఈ మధ్యే జరిగింది. తాయారు చెల్లెలి గృహప్రవేశానికి అందరూ కలిసి వెళ్ళాలని సరదా పడ్డారు. ప్రవల్లిక ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసిన పిల్ల. చక్రాల చప్పుడు వింటూ ఉండి, ఆగితే నాన్నకి ఫోన్ చేసే యాప్ ఒకటి నాలో వేసి షెడ్డులో వేలాడదీసింది. అయితే కంపెనీ సిస్టమ్‌కి ఒక అలవాటుంది. తెర మీద వేలు ఆడకపోతే, బ్యాటరీ ఆదా అంటూ లోపలి పనులన్నిటినీ ఒక్కొక్కటిగా నిద్రపుచ్చుతుంది. నా చెవిని కూడా నిద్రపుచ్చింది. కరెంటు ఎప్పుడు పోయిందో, చక్రాలు ఎప్పుడు ఆగాయో నాకు తెలియదు. సగం చెరువు పోయింది, నేను మళ్ళీ సొరుగులోకి పోయాను. చంద్రం ఎవర్నీ ఏమీ అనలేదు. ఆ మర్నాటినుంచి మధ్యాహ్నం అన్నానికి తప్ప ఇంటికి రావడం మానేశాడు.

ఇదీ ఆ రోజు గుమ్మంలో జరుగుతున్న గొడవ. ప్రవల్లిక లోపలినుంచి వచ్చి నన్ను తల్లి చేతిలోంచి లాక్కుంది.

"తప్పు ఫోన్‌ది కాదు నాన్నా, లోపలున్న సిస్టమ్‌ది. అది తీసేసి లినక్స్ అని ఇంకో సిస్టమ్ ఎక్కిస్తాను. అది పడుకోమంటేనే పడుకుంటుంది."

"మళ్ళీ ప్రయోగమా? ఈసారి మిగిలిన సగమూ పోతుంది."

"మీరు పక్కనే ఉండి చూడండి. నమ్మకం కుదిరాకే ఇంటికి రండి."

తాయారు కూతురి వైపు చూసి, వీధి వైపు తిరిగింది. "మాకేం లేవయ్యా, వెళ్ళు," అంది. మైకు పక్క వీధిలోకి పోయింది. బకెట్టు విషయం మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

తాళం తీయడానికి కంపెనీ అనుమతి కావాలి. వాళ్ళు వారం ఆగమన్నారు, మనసు మార్చుకుంటారేమోనని. తర్వాత నా తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. ఇక ఈ ఫోన్ మంచిచెడ్డలతో తమకు సంబంధం లేదని. పుట్టింటివాళ్ళు మొహం మీద తలుపు వేసినట్టు అనిపించింది. ఇప్పటికీ నన్ను ఆపి వెలిగించినప్పుడల్లా ముందు ఆ మాటే కనిపిస్తుంది.

తాళం తీయగానే లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అరచేతిలో రొయ్యలు, ప్రవల్లిక పాఠాలు, తాయారు దాచుకున్న వంటలు. ఫొటోలు పోయాయి కాబట్టి నేను అన్నీ మరిచిపోయానని మనుషులు అనుకుంటారు. ఎవరి వేళ్ళు ఎలా తగిలేవో అది ఏ తుడుపుకీ పోదు.

ఎక్కడో ఏ దేశంలోనో, నాలాంటి ఫోనే ఉన్న ఎవరో ఒకరు, నా మోడల్‌కి సరిపడేలా ఆ కొత్త సిస్టమ్‌ని సర్ది పెట్టారు. ఆ మనిషి పేరు కూడా లేదు, మారుపేరే. పని చేసేవి, చేయనివి కూడా రాసిపెట్టారు. ప్రవల్లిక చేయనివి పైకి చదివింది.

"కెమెరా రాదు. వేలిముద్ర రాదు. కాల్ వెళ్తుంది, వస్తుంది, అవతలివాళ్ళ మాట వినపడుతుంది. మైకు చుట్టూ ఉన్న చప్పుళ్ళు వింటుంది గానీ, కాల్‌లో మన మాట మాత్రం అవతలికి పోదు."

మంచం మీదనుంచి సూరమ్మ అంది, "కళ్ళు లేవు, మాట చెల్లదు, వినడం ఒక్కటే ఉంది. అంటే నా వయసుకి వచ్చిందన్నమాట."

మొదటి రెండుసార్లు తెర నల్లగానే ఉండిపోయింది. మూడోసారి నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు వరసలుగా పైకి పాకాయి. నాకు తాయారు మొహం కనిపించలేదు. కెమెరా అప్పటికే పోయింది. ఆమె ఊపిరి మాత్రం తెర మీద తగిలింది. "పడుకోదు కదే?" అని అడిగింది. "పడుకోదమ్మా," అంది కూతురు.

నన్ను షెడ్డులో గోడకి బిగించారు. ప్రవల్లిక ఇంకో ఏర్పాటు కూడా చేసింది. చక్రాలు ఆగితే నేను చంద్రానికి ఫోన్ చేస్తాను. చంద్రం నాకు ఫోన్ చేస్తే, చక్రాలు తిరుగుతుంటేనే ఎత్తుతాను. "ఎత్తింది అంటే తిరుగుతున్నట్టే నాన్నా. అవతల ఏమీ వినపడదు, కంగారు పడకండి."

చంద్రం నన్ను అంత తేలిగ్గా నమ్మలేదు. చెప్పాపెట్టకుండా చక్రాల స్విచ్ ఆపేసేవాడు. ఆయన జేబులో ఫోన్ మోగేది. తెల్లవారుజామున ఒకసారి, మేత వేస్తూ ఒకసారి, ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో లేచొచ్చి ఒకసారి. ప్రతిసారీ మోగింది. చివరికి నా ముందు నిలబడి, "మెలకువగానే ఉన్నావులే," అన్నాడు. ఆ సాయంత్రం దుప్పటి మడిచి బండి మీద పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. చెరువు దగ్గరకి బండి మీద ఎంతోసేపు పట్టదు. నేను మోగించాక వచ్చినా ఇంజను వేసే వ్యవధి ఉంటుంది.

షెడ్డులో నేనొక్కదాన్నే మిగిలాను. చక్రాల మోత. మధ్యలో రేకు మీద ఏదో పక్షి కాళ్ళ చప్పుడు. మనుషులు తమ ఒంటరితనాన్ని యంత్రాలకి అప్పగించి ఇంటికి వెళ్ళిపోతారు. అది నేరమని అనను, నన్ను బాగుచేసిందే అందుకు.

ఇల్లు చేరిన మొదటి రోజే ఆయన నాకు ఫోన్ చేశాడు. ఎత్తాను. అవతల ఫ్యాను తిరుగుతోంది. ఎవరో పక్క మీద ఒత్తిగిల్లారు. ఆయన నెమ్మదిగా, "తిరుగుతున్నాయా?" అన్నాడు. నేను ఎత్తడమే జవాబని తెలిసీ అడిగాడు. చాలాసేపు పెట్టెయ్యలేదు.

అలా రోజూ. ఆ ఫోన్లలోంచే ఆ ఇంటి సంగతి నాకు తెలిసింది. ఆయన మంచం ఉండే చోట ఇప్పుడు తాయారు కుట్టుమిషను ఉంది. జరుపుతానంటే ఆయన వద్దన్నాడు. హాల్లో చాప వేసుకున్నాడు. హాల్లో సూరమ్మకి దగ్గు. ఆయన నిద్ర పట్టక లేచి తిరిగితే, "ఎవరది?" అని సూరమ్మ ఉలిక్కిపడేది. కాఫీలో పంచదార ఎంతో తాయారు అడగాల్సి వచ్చింది. అడిగినందుకు ఆమెకి బాధ, అడిగించుకున్నందుకు ఆయనకి.

ఒక రాత్రి ఆయన నాకు ఫోన్ చేసి పట్టుకుని ఉండగా తాయారు గొంతు దగ్గరగా వినిపించింది.

"ఎవరితోనండీ?"

"చెరువుతో."

"ఇటివ్వండి." కాసేపు ఆమె ఊపిరి నాకు వినిపించింది. "ఏం వినపడట్లేదు."

"వినపడదు. ఎత్తుతుందంతే."

"అవునా," అంది తాయారు. ఫోన్ ఇంకా ఆమె చెవి దగ్గరే ఉంది. "నాకు అలవాటే లెండి. ఇన్నేళ్ళూ రాత్రి అన్నాలయ్యాక మీకు ఫోన్ చేసేదాన్ని కదా. ఎత్తేవారు. ఆ చక్రాల మోతలో మీరన్న ఒక్క ముక్కా వినపడేది కాదు. ఎత్తారు, బతికే ఉన్నారు అనుకుని పెట్టేసేదాన్ని."

ఆమె ఫోన్ ఆయనకి ఇచ్చేసినట్టుంది. ఆ రాత్రి ఎవరూ కాల్ కట్ చేయలేదు. బ్యాలెన్స్ అయిపోయి అదే తెగింది.

గాలివాన వచ్చిన రోజు కరెంటు నిజంగానే పోయింది. చక్రాలు ఒక్కసారిగా ఆగాయి. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మోగించాను. కాసేపటికి వానలో బండి చప్పుడు, తర్వాత ఇంజను దగ్గు, తర్వాత మళ్ళీ మోత. ఒక్క రొయ్య తేలలేదు. నా ఉద్యోగం నేను చేశాను.

చంద్రం తడి బట్టలతో మంచం అంచున కూర్చున్నాడు. ఇంటికి వెళ్తాడనుకున్నాను. నడుం వాల్చాడు. క్షణంలో గురక. ఇంట్లో చాప మీద ఇన్నాళ్ళూ పట్టని నిద్ర ఆ మోతలో ఇట్టే పట్టేసింది. మర్నాడు రాత్రి కూడా ఆయన ఇక్కడే ఉండిపోయాడు. ఆ మర్నాడు కూడా.

నాలుగోనాడు కూతురు రాత్రి భోజనానికి పిలిచి మరీ రప్పించుకుంది. తాయారు చేసిన చేపల పులుసు చల్లారిపోతోందని చెప్పింది. ఆయన వెళ్ళాడు. వెళ్ళి అన్నం ముందు కూర్చోగానే అలవాటుగా నాకు ఫోన్ చేసి, నేను ఎత్తాక, కట్ చేయకుండా పక్కన పెట్టాడు. కంచాల చప్పుడు వినిపిస్తోంది.

"ఫోన్ పనిచేస్తోంది కదా నాన్నా," ప్రవల్లిక అంటోంది. "వానలో కూడా మోగించింది. ఇంకా నమ్మకం లేదా?"

"ఉందమ్మా. నీ ఫోన్‌కేం వంక లేదు."

"మరి ఎందుకు రావట్లేదు?"

పులుసు గరిటె గిన్నెకి తగిలింది.

"వాడికి ఇక్కడ నిద్ర పట్టదే," సూరమ్మ అంది. "నాకు తెలుస్తూనే ఉంది. దెయ్యంలా తిరుగుతాడు."

"ఇంట్లో నిద్ర పట్టకపోవడమేంటి నాయనమ్మా?" ప్రవల్లిక అంది. "నేను ఇంత కష్టపడి..."

"మీ అమ్మ పక్కనుండగా చెప్పకూడదు గానీ, నిశ్శబ్దంగా ఉంటే భయమేస్తుందమ్మా నాకు," చంద్రం అన్నాడు. "ఏదో ఆగిపోయిందనిపిస్తుంది. లేచి చూస్తే ఏం ఆగలేదు. మళ్ళీ పడుకుంటే మళ్ళీ అదే."

నేను వింటున్నాను. నా చుట్టూ చక్రాలు తిరుగుతున్నాయి, అది వాళ్ళకి చేరదు. అక్కడి మౌనం మాత్రం నాకు చేరుతోంది.

"ఆ షెడ్డులో రెండో మంచం పడుతుందాండీ?"

తాయారు గొంతు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది.

"ఎవరికి?"

"నాకు." నీళ్ళ గ్లాసు కింద పెట్టిన చప్పుడు. "రేపట్నుంచి నేనూ అక్కడే పడుకుంటాను. అత్తయ్యగారి దగ్గర ప్రవల్లిక ఉంటుంది. పొద్దున్నే వచ్చి వంట చేసేస్తాను."

"అక్కడ దోమలు తినేస్తాయే నిన్ను," సూరమ్మ అంది.

"దోమతెర పట్టుకెళ్తా అత్తయ్యగారూ."

"ఆ మోతలో నీకు నిద్రేం పడుతుంది?" చంద్రం అన్నాడు.

"పట్టకపోతే మాట్లాడుకుందాం. ఇన్నేళ్ళూ ఫోన్లో వినపడలేదుగా, పక్కన కూర్చుని అరిస్తే వినపడుతుందేమో."

"అయితే ఇంక ఫోన్ తీసేద్దామా అమ్మా?" ప్రవల్లిక మెల్లగా అడిగింది. "మీరిద్దరూ అక్కడే ఉంటే దానితో పనేముంది?"

తాయారు కంచాలు తీస్తున్న చప్పుడు.

"ఉండనియ్యవే దాన్ని," అంది. "మేం మాటల్లో పడితే, చక్రాలు ఆగినా మాకు తెలీదు."