మంచులో పెట్టిన మందు

చేప అయితే మంచులో వారమైనా ఉంటుంది కదా, మరి మందెందుకు ఉండదు, రొహిమాకి అంతుపట్టడం లేదు, ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది, లోపల సలెహ్ కాలు తీసేస్తున్నారు, మోకాలి కిందివరకే అన్నారు, మొగుడికి ఆమాత్రం మిగులుతున్నందుకు సంతోషించాలి కాబోలు, పక్కన ఎవరో పులుసన్నం తింటున్నారు, అతన్ని లోపలికి తీసుకెళ్ళాక నర్సు అడిగింది, పిన్నీ, ఇన్సులిన్ ఎక్కడ పెట్టేదానివి, ఎంత గర్వంగా చెప్పింది తను, చేపల మంచుపెట్టెలోనమ్మా, అట్టడుగున, పెద్ద చేపలకి కూడా ఇవ్వని చోటిచ్చాను, రోజూ కొత్త మంచు కొట్టి ఉప్పు చల్లి చుట్టూ కూరేదాన్ని, ఒక్క పూట తప్పలేదు, నర్సు రాయడం ఆపేసింది, గడ్డకట్టేదా, అంది, కట్టేది, గుప్పిట్లో పట్టుకుని కరిగించి సూదిలోకి ఎక్కించేదాన్ని, గడ్డకడితేనే తాజాగా ఉంటుందనుకున్నా, నర్సు అంది, ఒకసారి గడ్డకడితే ఆ మందు ఇక పని చెయ్యదు పిన్నీ, నీళ్ళతో సమానం, నీకెవరూ చెప్పలేదా.

ఎవరు చెప్తారు, నది మీద పడవల్లో బతికే చామ్ ముస్లింలకి, రెండు నెలలకోసారి మసీదు దగ్గరికొచ్చే డాక్టరు చల్లగా ఉంచండి అన్నాడు, ఫ్రిజ్‌లో అనే అనుకుని ఉంటాడు, పడవలో ఫ్రిజ్ ఎక్కడిది, పేదల కార్డుంటే నెలనెలా ఆసుపత్రిలోనే చూస్తారట, ఆ కార్డు కోసం వెళ్ళి అడిగితే గుమాస్తా ఇంటి నంబరు చెప్పమన్నాడు, మాది పడవండీ, అంటే నవ్వాడు, ఇవాళ పడవకి నంబరు వేస్తే రేపు చేపకీ వెయ్యమంటారు మీరు, అన్నాడు, తనూ నవ్వింది, నవ్వకపోతే కోపం తెచ్చుకుంటాడని, ఛీ, ఎందుకు నవ్వింది.

అరవై రోజులు పొడిచింది ఆ పొట్టలో, ఉత్త నీళ్ళు, చిన్నపిల్లాడిలా చొక్కా ఎత్తి పట్టుకుని కూర్చునేవాడు సలెహ్, దాహం దాహం అంటూ చెంబులకి చెంబులు తాగేవాడు, చక్కెర తగ్గలేదు, బొటనవేలు నల్లబడింది, ఇంకేమనుకోవాలి తను, దొంగచాటుగా తాటిబెల్లం తింటున్నావు కదూ, అని నిలదీసింది, లేదే, దేవుడి మీద ఒట్టు, అన్నాడు, సిగ్గులేకుండా ఒట్టు కూడానా, అంది, తొమ్మిది రోజులు మాట్లాడలేదు, అన్నం గిన్నె అతని ముందు పెట్టి తను పడవ ఆ చివరికెళ్ళి కూర్చునేది, పదో రోజు అతనే కుంటుకుంటూ వచ్చాడు, తిన్నానే, మొన్న ఆదివారం సంతలో, చిన్న ముక్క, ఇక ముట్టను, కోపం తగ్గించుకో, అన్నాడు, నేను చెప్పలేదూ, అని ఎంత గెలిచినట్టు అంది తను, ఈ పొద్దున డాక్టరు ముందూ అతనిది అదే మాట, తప్పు నాదేనండీ, నోరు కట్టుకోలేకపోయాను, మా ఆవిడ మందు బాగానే వేసింది.

తలుపు తెరుచుకుంది, ఎవరినో పిలుస్తున్నారు, తననేనేమో, లేవబుద్ధి కావడం లేదు, ఆదివారం సంతలోనట, ఏ ఆదివారం, ఆ నెలంతా వేలు వాచి అతను పడవ దిగనే లేదు, సంతకి వెళ్ళిందీ వచ్చిందీ తనొక్కతే, మరి బెల్లం ఎవరు తెచ్చిచ్చారు, ఎవరూ తేలేదు, సలెహ్ తినలేదు.