ఒళ్లో బిడ్డ ఉన్నంతసేపు

"ఇకనేటి శైలజా, పాఠాలన్నీ కంప్యూటరే రాసెత్తాదట గదా" అన్నారు మా ఆయన. నేను బీరకాయల చెక్కు తీస్తున్నాను. మా వీధిలోనే ఉండే యోగిత చెప్పిందట. ఆ పిల్ల నేను పాఠాలు చెప్పే నర్సింగ్ కాలేజీలోనే బీఎస్సీ చదువుతోంది. నాకు ఉద్యోగం పర్మనెంట్ అయినప్పుడు కూడా ఆయన ముఖంలో ఇంత సంతోషం చూడలేదు. వెంటనే అసలు సంగతి బయటపెట్టారు. ఏటి అవతల ఆదిత్యపూర్‌లో ఉంటున్న తన తమ్ముడు పైడిబాబు మెస్ తిండి తినలేక చిక్కిపోతున్నాడట, ఇక నాకు సాయంత్రాలు ఖాళీయే కాబట్టి వాడికీ క్యారేజీ కట్టొచ్చట.

మిషన్లంటే నాకు అనుమానం ఊరికే పుట్టలేదు. వాషింగ్ మిషన్ కొన్న వారానికే పైడిబాబు బట్టల మూట కూడా మా ఇంటికి రావడం మొదలైంది. మిక్సీ వచ్చాక మా అత్తగారికి పూటకో పచ్చడి కావాలనిపించింది. నాకు మిగిలే సమయాన్ని నాకంటే ముందే ఎవరో ఒకరు పంచేసుకుంటారు. కాలేజీలోనూ అంతే. పాఠాలూ ప్రశ్నలూ ఏఐతో తయారు చేసుకోమని శిక్షణ ఇచ్చిన రోజే, పని తగ్గింది కదా అని ప్రిన్సిపాల్ మేడమ్ నాకు ఇంకో సెక్షన్ తగిలించారు.

నిజానికి నా భయం ఉద్యోగం గురించి కాదు. వంటయ్యాక పాఠం రాసుకోవాలని చెప్పి లోపలి గదిలో తలుపేసుకుంటాను. జీతం తెచ్చే మాట కాబట్టి ఈ ఇంట్లో దానికి విలువుంది. ఆ కాసేపూ మా అత్తగారు తన మందుబిళ్లలు తానే వెతుక్కుంటారు. పాఠం త్వరగానే అయిపోతుంది. మిగిలిన సేపు కిటికీ పక్కన కూర్చుంటాను, అంతే. ఈ ఏఐ నాకున్న ఆ ఒక్క సాకునీ లాగేసుకుంటుందని భయం.

పోయిన వారం తల్లీబిడ్డల ఆరోగ్యం మీద క్లాసు. మా విద్యార్థినులు ఊళ్లోనే బారిడీహ్ పేట వెనక ఉన్న బస్తీకి వెళ్లి తల్లులతో మాట్లాడి వచ్చారు. యోగిత తను కలిసిన ఒకామె వివరాలు ఏఐకి ఇచ్చింది. బాబుకి నాలుగేళ్లు నిండినా తల్లి ఇంకా చనుబాలు ఇస్తోందని. జవాబు చకచకా వచ్చేసింది. తల్లికి అవగాహన లేదు, పాలు మాన్పించే పద్ధతి నేర్పాలి, కుటుంబ సభ్యుల సహకారం తీసుకోవాలి. వంక పెట్టడానికి లేదు, పరీక్షలో రాస్తే నిండా మార్కులొస్తాయి. నాకే ఎందుకో నమ్మబుద్ధి కాలేదు. ఆమె ఇంకేమైనా చెప్పిందా అని యోగితని అడిగాను.

"అది టైప్ చెయ్యలేదు మేడమ్" అని నవ్వింది. "వాడు పాలు మానేసి చానా రోజులైందట. ఊరికే పైట కింద పడుకోబెట్టుకుంటాదట. ఒళ్లో బిడ్డ ఉంటే అత్త లేవమనదట."

క్లాసంతా నవ్వింది. నేను మాత్రం అవగాహన లేదన్న మాట కొట్టేయించాను. మరేం రాయాలి మేడమ్ అంటే, కూర్చోవాలన్నా ఆమెకి ఒక సాకు కావలసి వస్తోందని రాయమన్నాను. అది మార్కులొచ్చే జవాబు కాదని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు క్యారేజీ మాటకి ఊ కొట్టకుండా బీరకాయలు తరుగుతుంటే మా ఆయన నవ్వు తగ్గింది.

"మరి పాఠం అదే రాత్తే, రోజూ తలుపేసుకుని నువ్వేటి సేత్తన్నావు?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. ఏఐ రాసినదాంట్లో తప్పులు దిద్దుకుంటున్నానంటే నమ్మేస్తారు. అందులో సగం నిజం కూడా. దాంతో ఇంకొన్నేళ్లు గడిచిపోతాయి. కానీ బస్తీలో ఆమె కొడుకు ఎన్నాళ్లని ఒళ్లో పడతాడు? కత్తిపీట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని లేచాను.

"ఏటీ సెయ్యనండి" అన్నాను. "ఉత్తినే కూకుంటాను. ఇయ్యాల కూడా కూకుంటాను."