కనబడని కుట్టు

ముప్పై మూడేళ్ల కింద తాండూరు బట్టల దుకాణంలో చేరిన రోజున ఏసుదాసు దగ్గర ఉన్న పెట్టుబడి ఒక నిటారైన మెడ, రెండు వెడల్పు భుజాలు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఈ ఉదయం వికారాబాదులోని తన ఇంటి వెనక, గోడకు తగిలించిన అద్దం ముందు నిలబడి, ఆ పెట్టుబడికి రోజూ చేయాల్సిన మరమ్మతు చేస్తున్నాడు. ఎడమ చేత్తో చెవి తమ్మెను ముందుకు మడిచి, కుడిచేతిలోని రేజరును చెవి వెనక నుంచి కిందికి లాగాడు. మగవాళ్లకు గడ్డం మొలవని చోట అతనికి మొలుస్తుంది. ఎనిమిది నెలల కింద హైదరాబాదులో దవడ కింది చర్మాన్ని వెనక్కి లాగి కుట్టినప్పుడు, దాంతోపాటే గడ్డమూ చెవుల వెనక్కి జరిగింది. ఇలా జరుగుతుందని డాక్టరు ముందే చెప్పాడు. భార్య మార్త లేవకముందే గీసుకోవడం ఏసుదాసు అలవాటు. ఇవాళ ఆలస్యమైంది.

"గింతసేపు గీక్కుంటరా ఎవరన్న? టిఫిన్ డబ్బ సల్లారుతుంది," అంటూ మార్త వెనక గుమ్మంలోకి వచ్చింది.

అతను చటుక్కున తువాలు మెడకు చుట్టుకున్నాడు. "కుట్లకాడ దురదవెట్టింది."

"పెడ్తది మల్ల. గడ్డ తీసిన చోటాయె." అంగన్‌వాడీకి వేసుకుపోయే చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఆమె అంది. "నిన్న ఉపాస ప్రార్థనల కస్తూరమ్మ పేరు గూడ చదివిన్రు. పాస్టరుగారు నీ సాక్ష్యమే చెప్పిన్రు. దాసన్నకు జేసిన దేవుడు గామెకు జెయ్యడా అని. మా ప్రార్థన జట్టోళ్లంత ఏడ్సిన్రు."

ఏసుదాసు డబ్బాను సంచిలో పెట్టుకున్నాడు. అతని మెడలో గడ్డ ఎప్పుడూ లేదు. ఆ సంగతి ఈ భూమ్మీద అతనికీ, హైదరాబాదులోని ఒక క్లినిక్కుకూ తప్ప ఎవరికీ తెలియదు.

చెప్పులు వేసుకుంటుండగా ఫోను మోగింది. కస్తూరమ్మ కూతురు జ్యోతి. దుకాణం మెట్ల పక్కన మిషను వేసుకుని చీరలకు ఫాల్ కుట్టే కస్తూరమ్మ పదిహేను రోజులుగా పనికి రావడం లేదు.

"ఏసు మామా, అమ్మ రాత్రంత నిన్నే అడిగింది. మాట వస్తలేదు, సైగ జేస్తుంది. ఇయ్యాల్ల జర వచ్చిపోతవా?"

"వస్త బిడ్డా. పగటి బువ్వకు ఇడ్వంగనే వస్త."

"నీ డాక్టర్ నంబర్ దొరికిందా?"

ఏసుదాసు సంచి భుజాన వేసుకున్నాడు. "వచ్చి చెప్త," అన్నాడు.

తాండూరు పోయే రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ధారూరు దాటాక కంది చేలు పచ్చగా, పసుపుగా వెనక్కి పోతున్నాయి. ఇవాళ చెప్పేయాలని అనుకున్నాడు. మొదటి మాట ఏమిటో కూడా ఖాయం చేసుకున్నాడు. ఈ బేరాన్ని ఎంత సాగదీస్తే అంత నష్టమని అతనికి ఆర్నెల్లుగా తెలుసు. అయినా సాగదీశాడు.

చీర బల్ల మీద ఉన్నంతసేపూ ఉత్త గుడ్డే. మనిషి ఒంటి మీదికి వస్తేనే చీర. ఏసుదాసు కుచ్చిళ్లు పట్టి, కొంగును ఎడమ భుజం మీద వేసుకుని, గదవ కాస్త ఎత్తి నిలబడితే ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు అతన్ని మరిచిపోయి చీరనే చూసేవారు. ముప్పై ఏళ్లు అలాగే గడిచింది. తర్వాత యజమాని చంద్రకాంత్ కోడలు రజిని ఫోనులో లైవ్ మొదలుపెట్టింది. బొంరాస్‌పేట నుంచి, మోమిన్‌పేట నుంచి ఆడవాళ్లు ఇంట్లో కూర్చునే చీరలకు ఆర్డరు చెప్పసాగారు. దుకాణంలో కనబడనిది ఫోనులో కనబడింది. గదవ కింది నుంచి రెండు తాళ్లలాంటి నరాలు, వాటి మధ్య ఖాళీ సంచిలా వేలాడే చర్మం. ఒకరోజు ఎవరో కామెంటు రాశారు: "చీర మడతలకన్న అంకుల్ మెడ మడతలే మస్తున్నయి." రజిని దాన్ని పైకి చదివి నవ్వింది. అతనూ నవ్వాడు. వారం తర్వాత ఆమె మెల్లగా అంది. "దాసన్నా, ఫికర్ జెయ్యకు. నువ్వు గోదాం చూస్కో. వీడియోకు ఎవరన్న పోరిని వెట్టుకుందం." గోదాముకు వెళ్లిన మనిషి మళ్లీ గల్లా ముందుకు వచ్చింది అతను ఎన్నడూ చూడలేదు.

హైదరాబాదు డాక్టరు నిజాయితీపరుడు. ఏదీ దాచలేదు. గదవ కింద బొటనవేలి గోరంత కోత, చెవుల చుట్టూ వెంట్రుకల్లోకి పోయే కోత. లోపలి కండను మధ్యలో దగ్గరికి లాగి కుడతారు, మిగిలిన చర్మం కోసేస్తారు. నెల ముందు నుంచీ బీడీ బంద్. మొదటి రోజు లోపల నెత్తురు గడ్డకట్టే భయం ఉంటుంది, వాపు హఠాత్తుగా పెరిగితే పరుగెత్తుకు రావాలి. రెండు వారాలు నీలంగా, పసుపుగా కమిలి ఉంటుంది. రెండు దిండ్ల మీద తల ఎత్తి పడుకోవాలి. బీమా రాదు. వయసు ఆగదు కాబట్టి ఎనిమిదేళ్లకో పదేళ్లకో మళ్లీ జారుతుంది.

"చేయించుకోకపోతే ఏమైతది సార్?" అని ఏసుదాసు అడిగాడు.

"ఏమీ కాదు," అన్నాడు డాక్టరు.

ఆ మాట విన్నాక కూడా చేయించుకున్నాడు. మగవాడి మెడ చర్మం కోసం మార్త తన చిట్టీ ఎత్తి ఇవ్వదు. గడ్డ అని చెబితే అదే రోజు ఎత్తి ఇచ్చింది. సంఘమంతా మూడు శుక్రవారాలు ఉపవాసం ఉంది. ఏసుదాసు క్లినిక్కులో నర్సు ఇచ్చిన ఇడ్లీలు తిన్నాడు.

ఇరవై రోజుల సెలవు తర్వాత దుకాణం మెట్లెక్కుతుంటే కస్తూరమ్మ మిషను ఆపి నోరు తెరిచింది. "ఏసన్నా! నీ మెడకు ఇస్త్రీ జేసిన్రా ఏంది?" అని నవ్వి, దగ్గరికి వచ్చి, గదవ కింది నుంచి నెత్తి దాకా అతను కట్టుకున్న వాపు పట్టీని జరిపి గొంతు చుట్టూ చూసింది. ఆమె చూసింది మెడను కాదు, కుట్టును. ఇరవై ఏళ్లుగా ఫాల్ కుడుతున్న మనిషి. పైకి కనబడిన కుట్టును ఆమె కుట్టుగా లెక్కపెట్టదు.

"గడ్డ ఏ సందులకెళ్లి తీసిండు? గీత లేదు, చుక్క లేదు. మా చిన్నమ్మ మెడ సూస్తివా, గోనెసంచి కుట్టినట్లు కుట్టిన్రు." తర్వాత గొంతు తగ్గించి, కొంగు తీసి తన మెడ చూపించింది. కుడిపక్క చింతగింజంత ఉబ్బు. "నాకు గూడ లేసింది. కోపిచ్చుకుంటె గా డాక్టర్ తోనే కోపిచ్చుకుంట. నన్ను తోల్కపో అన్నా."

"అడిగి చెప్త," అన్నాడు ఏసుదాసు.

ఆ రోజే "వేరే డాక్టరు మంచోడు, గాడికి పో" అని ఉంటే సరిపోయేది. అన్నాడు కూడా, ఒకసారి. "గా వేరే డాక్టర్ నీకు మంచోడు గాలే, నాకెట్లయితడు?" అని ఆమె నవ్వింది. దానికి జవాబు ఒక్కటే ఉంది. అది అతను చెప్పలేదు. ఆషాఢం సేల్ అయిపోనీ అన్నాడు. డాక్టరు ఊళ్లో లేడన్నాడు. దసరా గిరాకీ అన్నాడు. చింతగింజ నిమ్మకాయ అయింది. జ్యోతి పెద్దాసుపత్రికి పోదామని పోరుపెడితే, "ఏసన్న మాట్లాడ్తుండు, ఆగు," అని కస్తూరమ్మ బిడ్డనే కసిరింది. చివరికి ఊపిరి ఆడకపోతే పోయినవారం జ్యోతి బలవంతంగా తీసుకుపోయింది. అక్కడి డాక్టర్లు గడ్డ గాలిగొట్టం చుట్టూ పాకిందనీ, నాలుగైదు నెలల ముందు వచ్చి ఉండాల్సిందనీ చెప్పి పంపించారు.

రైలు తాండూరులో ఆగింది. ఏసుదాసు దిగి, మొదటి మాటను ఇంకోసారి మనసులో చెప్పుకున్నాడు.

కార్తీకం పెళ్లిళ్లు. పదకొండుకే దుకాణం నిండిపోయింది. పన్నెండుకు రజిని స్టాండుకు ఫోను బిగించి, దీపం అతని ముఖం మీదికి తిప్పింది. ఏసుదాసు వంగపండు రంగు పట్టుచీర భుజాన వేసుకుని గదవ ఎత్తాడు. "అమ్మా, అంచు చూడుండ్రి, రెండు జానల అంచు. కావాల్నంటే నంబర్ పెట్టుండ్రి." కామెంట్లు పైకి పోతున్నాయి. మెడ గురించి ఎవరూ ఏమీ రాయడం లేదు. ఎనిమిది నెలలుగా ఎవరూ రాయడం లేదు.

ఒంటిగంటకు అతను చీర మడిచి బల్ల మీద పెట్టాడు. "రజినమ్మా, కస్తూరమ్మను సూసొస్త. గంటల వస్త."

"అయ్యో దాసన్నా, గిప్పుడా? తొమ్మిదొందల మంది చూస్తున్నరు. కోట్‌పల్లి పెండ్లోళ్లు ఇరవై చీరలు అడుగుతున్నరు." రజిని రెండు చేతులూ జోడించింది, నవ్వుతూనే. "ఒక్క గంట. నువ్వు లేకుంటే ఆగరు వాళ్లు."

నువ్వు లేకుంటే. ఆ మాట వినడానికే అతను కోయించుకున్నాడు. అందులో కొంచెం ఊరట కూడా ఉందని అతనికి తెలుసు. ఇంకో గంట చెప్పనక్కర్లేదు. గులాబీరంగు చీర చేతిలోకి తీసుకున్నాడు. గంట మూడు గంటలు దాటింది. డబ్బా తెరవలేదు. జేబులో ఫోను రెండుసార్లు అదిరింది. లైవులో ఫోను తీయకూడదని నియమం ఉంది, దాన్ని అతను ఎప్పుడూ ఇంత శ్రద్ధగా పాటించలేదు. నాలుగున్నరకు రజిని దీపం ఆర్పి, "ముప్పైయొక్క చీర! దాసన్నా, నువ్వు హీరోవి," అంది.

అతను ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగాడు.

కస్తూరమ్మ ఇల్లు మార్కెట్ యార్డు వెనక సందులో. నాపరాళ్లు పరిచిన వాకిలి ముందు పది పన్నెండు జతల చెప్పులు ఉన్నాయి. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. ఒకాయన కుర్చీలు దింపుతున్నాడు. ఏసుదాసు ఆ కుర్చీలను లెక్కపెడుతూ సందు మొదట్లోనే ఆగాడు, ఏడు వచ్చాయి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. తర్వాత లోపలికి పోయాడు.

ముందు గదిలో ఆమెను చాప మీద పడుకోబెట్టారు. మెడ చుట్టూ కొంగు కప్పారు. ముఖం చిన్నదైపోయింది.

జ్యోతి అతన్ని చూసి వరండాలోకి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మూడింటికి మామా. ఫోన్ జేసిన. నువ్వు లైవుల ఉన్నవని తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"అమ్మ పెట్టమన్నది. పన్నెండింటికెళ్లి నిన్నే జూసింది. నువ్వు గదవ లేపినప్పుడల్ల నాకు వేలువెట్టి చూపెట్టింది, నీ మెడ. చూపెట్టుకుంట చూపెట్టుకుంట చెయ్యి పడిపోయింది. నేను నిద్రవట్టిందనుకున్న." జ్యోతి ముక్కు తుడుచుకుని, దుకాణం నుంచి తెచ్చి వరండా మూలన పెట్టిన మిషను వైపు చూసింది. "ఆపరేషనైనంక నువ్వు గదవ కింద నుంచి నెత్తి దాక పట్టీ కట్టుకోని దుకాణంకు వస్తివి గదా. గది జూసి అమ్మ గూడ కుట్టుకున్నది, పోయిన నెల. డాక్టర్ దొరికే యాళ్లకు తయారుండాలె అని."

మిషను మీద ఒక పట్టీ ఉంది.

రైల్లో ఖాయం చేసుకున్న మొదటి మాట ఏసుదాసుకు గుర్తురాలేదు. వచ్చిన మాటే అన్నాడు. "బిడ్డా, నా మెడల ఎన్నడూ గడ్డ లేకుండె."

జ్యోతి చూపు మిషను మీంచి అతని మెడ మీదికి తిరిగింది.

"తోలు ఏలాడుతుంటే కోపిచ్చుకున్న. వీడియో కోసం. గాయన గడ్డలు తీసే డాక్టరే గాదు. మీ అమ్మకు చెప్పనీకి సిగ్గయింది. గందుకే ఇయ్యాల్ల, రేపు అనుకుంట ఆర్నెల్లు నడిపిన. మార్తకు గూడ తెల్వదు."

జ్యోతి తిట్టలేదు. దగ్గరికి వచ్చి, రెండు వేళ్లతో అతని చెవి తమ్మెను ముందుకు మడిచి, కుట్టుపని చూసేవాళ్లు గుడ్డ తిరగేసి చూసినట్టు చూసింది. ఆ చోట అతనికి ఇంకా స్పర్శ రాలేదు. ఆమె వేళ్లు తాకుతున్నాయని ఆమె గాజుల చప్పుడు వల్ల తెలిసింది.

"మంచిగ కుట్టిండు," అంది జ్యోతి. లోపలికి వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

వరండాలో ఏసుదాసు ఒక్కడే మిగిలాడు. వచ్చినవాళ్లు అతన్ని తప్పుకుని లోపలికి పోతున్నారు. ఎనిమిదేళ్లో పదేళ్లో నిలిచే మెడ వచ్చింది. గోదాముకు పోకుండా గల్లా ముందు చోటు నిలిచింది. ఈ ఒక్కరోజే ముప్పైయొక్క చీర పోయింది. రాబడి వైపు ఇంకా ఏమైనా ఉందా అని వెతికాడు. ఇంకేం లేదు. అవతలి వైపుది లోపల చాప మీద ఉంది. ఇంటికి పోయి మార్తకు చెప్పాల్సింది మిగిలే ఉంది, చీకటి పడకముందే రైలు ఉంది. అతను కదల్లేదు.

పట్టీని కస్తూరమ్మ ఫాల్ గుడ్డ ముక్కలతో కుట్టింది, నీలం మీద నీలం దారం, ఎక్కడా కుట్టు కనబడదు. వాపు తగ్గినకొద్దీ బిగించుకోవడానికి అంచున మూడు వరసల హుక్కులు వేసింది.