బుడగల తొట్టి

"ఇవి ముల్లంగి ముక్కలా, తలుపు కింద పెట్టే చెక్కలా?" అంటూ కిసబురో ఊరగాయ పళ్లాన్ని భార్య ముందుకు తోశాడు.

"పళ్లు కట్టించుకోమని పదేళ్లుగా మొత్తుకుంటున్నాను. ముక్కల్నంటారేం?" అని ఫుసాయె దాన్ని మళ్లీ ఆయన వైపే జరిపింది.

"చూశావా అమ్మాయ్, నా పళ్లంటే మీ అత్తగారికి ఎంత లోకువో!"

కోడలు చిజురు నవ్వలేదు. గిన్నెలో అన్నం సగం అలాగే ఉంది. మామగారి స్నానశాలలో తీసిన నమూనాకి ఆ రోజుతో పది రోజుల గడువు నిండుతుంది; ఫలితం తేలేది ఇవాళే.

ఇంటి ముందు భాగంలో ఉన్న ఆ స్నానశాల కిసబురో తాతగారు కట్టించినది. మధ్యాహ్నం మూడింటికి, తెరిచామన్న గుర్తుగా గుమ్మానికి నీలం తెర వేలాడదీయగానే వీధిలోని పెద్దవాళ్లు సబ్బుపెట్టెలతో దిగిపోతారు. చిజురు ఊళ్లోని పరిశోధనశాలలో పనిచేస్తుంది. వేడినీళ్ల గొట్టాల్లో పెరిగి ఊపిరితిత్తుల్ని పట్టే లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి మీద ఆమె పరిశోధన. మామూలుగా తొట్టిలోని నీళ్లనే పరీక్షకి పంపుతారు. తనిఖీ రోజు పొద్దున్నే క్లోరిన్ దండిగా వేస్తే ఆ నీళ్లలో ఏమీ కనబడదు. అందుకే ఆమె గొట్టం లోపలి పాకుడు గోకి చూస్తోంది. నమూనాలు చాలక అడుగు నుంచి గాలి చిమ్మే మామగారి బుడగల తొట్టి గొట్టంలోనూ దూదిపుల్ల పెట్టింది.

"తీసుకో, తీసుకో. నా తొట్టిలో ఏం దొరికినా నీదే," అని అప్పుడాయన నవ్వాడు.

ఆ ఉదయం పరిశోధనశాలకి వెళ్లేసరికి పరీక్ష పళ్లెంలో బూడిదరంగు చుక్కలు కనిపించాయి. రెండో పళ్లెంలోనూ అవే. నిర్ధారణ పరీక్ష కూడా లెజియోనెల్లాయేనని చెప్పింది. చిజురుకి ముందుగా ఓరియే గుర్తొచ్చింది. చాపలు అల్లే ఇంటావిడ. రెండేళ్ల క్రితం భర్త కిడ్నీ ఇచ్చాడు. దాన్ని ఒళ్లు తోసిపారెయ్యకుండా రోజూ మందులు మింగుతుంది. ఒంట్లో రోగాలతో పోరాడే శక్తిని కూడా ఆ మందులే అణిచేస్తాయి. అలాంటి మనిషి అందరికంటే ముందొచ్చి, మోకాళ్ల నొప్పులకని బుడగల తొట్టిలోనే కూర్చుని ఆ తుంపరలు పీలుస్తుంది.

చిజురు అక్కడి నుంచే ఆరోగ్యశాఖకి ఫోన్ చేసి, స్నానశాల తమదేనని కూడా చెప్పి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసింది.

"మామయ్యగారూ, ఇవాళ తెర కట్టకండి."

"ఏం, ఎవరైనా పోయారా?"

"పోకుండా ఉండాలనే."

సంగతి విని ఆయన మండిపడ్డాడు. "నలభై ఏళ్లుగా ఇక్కడ ఒక్కరికీ తుమ్ము రాలేదు. రోజూ గచ్చు పలకలు తోమేది నేను. నాకు తెలీదా?"

"పలకలు కాదు. గొట్టం మూత విప్పండి."

ఆయనకి మాస్కూ చేతి తొడుగులూ ఇచ్చి పక్కనే నిలబడింది. మూత విప్పి వేలు పెట్టి తీస్తే గోధుమరంగు జిగురు సాగుతూ వచ్చింది. పలకల సందులో వెంట్రుక కనిపిస్తేనే సహించని మనిషి, ఆ వేలిని చూస్తూ ఉండిపోయాడు.

"క్లోరిన్ ఎంత వేస్తున్నారు?"

"చలికాలం నుంచీ సగమే."

"ఎవరు తగ్గించమన్నారు?"

"ఎవరూ అనలేదు. ఆ వాసనకి ఓరియే కళ్లు తుడుచుకునేది. అసలే జబ్బు మనిషి, పాపం అనిపించింది."

ఆయన జాలే ఆవిడకి ముప్పయిందని చిజురుకి అర్థమైంది. అయినా తగ్గలేదు. "ఆరోగ్యశాఖ వాళ్లు మూడింటికి వస్తారు. మీరు తెర కడితే నేను గుమ్మంలో అడ్డంగా నిలబడతాను."

"సొంత మామనే పట్టించావన్నమాట!"

"ఓరియే గారికి జ్వరం వచ్చిందని వినేకంటే మీ తిట్లు వినడం నయం."

ఫుసాయె సోబా నూడుల్స్ వడ్డించి పిలిచింది. ముగ్గురూ కూర్చున్నారు. కిసబురో రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని, తినే పుల్లలు కింద పెట్టాడు.

"ఫుసాయే, తెర మడిచి లోపల పెట్టెయ్. గొట్టాలన్నీ పీకిస్తాను. బుడగల తొట్టి పూడ్చేస్తాను. అమ్మాయి పరీక్ష పళ్లేలు వరసగా రెండుసార్లు ఖాళీగా వచ్చాకే మళ్లీ తెరిచేది."

"నెలలు పట్టదూ?"

"పట్టనీ." కోడలి వైపు తిరిగాడు. "ఓరియేకి నేనే వెళ్లి చెబుతాను. దగ్గో జ్వరమో వస్తే ఆసుపత్రిలో ఏం చెప్పాలో కాగితం మీద రాసివ్వు. వాసన సంగతి మాత్రం ఎవరూ ఎత్తకండి. తన వల్లే అనుకుంటుంది."