గాలి తుపాకీలో మందు

కోతులను బెదిరించడానికని యేసుబాబు కామారెడ్డి నుంచి గాలి తుపాకీ కొనుక్కొచ్చినప్పుడు రూతు కూడా సంతోషపడింది. మక్క కంకులు పాలు పట్టీ పట్టకముందే గుంపులు గుంపులుగా దిగి, సగం కొరికి సగం పారేసి పోతున్నాయి మరి. దుకాణం ఆయన ఆధార్ జిరాక్స్ ఒక్కటే అడిగాడట. "దీనికి లైసెన్స్ అక్కర్లేదు," అని యేసుబాబు వచ్చినవాళ్లందరికీ గోడ మీది నుంచి తీసి చూపించి మురిసిపోయాడు.

కోతుల తర్వాత అడవి పందులు మొదలైనాయి. ఆ చిన్న గోలీ వాటి తోలుకు తగిలినట్టే ఉండేది కాదు. సరిగ్గా అప్పుడే భూపాల్ వాళ్లింటికి రావడం ఎక్కువైంది. అదే ఊరివాడు. పాత ట్రాక్టర్లు అమ్మిపెడతానని తిరుగుతుంటాడు. ఎవరింట్లోనైనా తన ఇంట్లో లాగే మంచం వాల్చుకుని కూర్చుంటాడు.

ఒక ఆదివారం రూతు చర్చి నుంచి వచ్చేసరికి గోడకు తుపాకీ లేదు.

"భూపాల్ తీస్కపోయిండు," అన్నాడు యేసుబాబు. "మద్నూర్ దిక్కు ఎవరో ఉన్నరట. జర బాగు చేయిస్తడట."

"ఖరాబే కాలేదు గదా, బాగు చేసుడేంది?"

అతను కండువా భుజాన వేసుకుని బయటికి పోయాడు.

కొన్నాళ్లకు అది తిరిగొచ్చింది. వెనక కట్టె అదే, గొట్టం మాత్రం వేరు. లావుగా, నల్లగా, వెల్డింగ్ మచ్చలతో ఉంది. దగ్గరికి పోతే దీపావళి తెల్లారి వాకిలి ఊడ్చేటప్పుడు వచ్చే వాసన. యేసుబాబు దాన్ని మళ్లీ గోడకు తగిలించలేదు. గోనెసంచిలో చుట్టి మంచం కిందికి తోశాడు. తలుపు చప్పుడైతే చాలు, అతని కళ్లు మంచం కిందికి పోతున్నాయి. తుపాకీ కన్నా ఆ చూపుకే రూతు ఎక్కువ భయపడింది.

ఆమె తమ్ముడు అరుణ్‌కుమార్ ఎల్లారెడ్డిలో కానిస్టేబుల్. సంతకు పోతున్నానని ఇంట్లో చెప్పి, బస్టాండు పక్కన చాయ్ హోటల్లో అతన్ని కలిసింది.

"తమ్మీ, గాలి తుపాకీకి లైసెన్స్ వద్దంటరు, మందు కూరి పేల్చే భర్మార్‌కు కావాలంటరు. రెండూ తుపాకులే గదా?"

అరుణ్ నవ్వాడు. "చట్టం ఆకారం చూడదక్కా. గోలీని తోసేది ఏందని చూస్తది. గాలి తోస్తే, అది గూడ తక్కువ జోరుదైతేనే, లైసెన్స్ వద్దు. మందు తోసిందంటే కావాలె. పంట కావలికి భర్మార్ ఇస్తరు గానీ, దానికి దరఖాస్తు పెట్టి, విచారణ అయినంక ఇస్తరు. ఇగ మీట నొక్కి పట్టుకుంటే వరుసగ పేలేటియి ఉంటయి. అయి మామూలోళ్లకు ఇయ్యనే ఇయ్యరు, ఫౌజుకే."

"గాలి దాన్నే మందుది చేస్తే?"

నోటి దాకా పోయిన చాయ్ గ్లాసు ఆగింది.

"అప్పుడది నాటు తుపాకీ. కొన్నప్పటి రసీదు చూపిచ్చినా నడవదు. ఇంట్ల దొరికితే జైలే. మార్చినోనికైతే ఏడేండ్లకు తక్కువ పడదు." గ్లాసు కింద పెట్టాడు. "ఎందుకడుగుతున్నవ్?"

"ఊర్ల ఎవరో అనుకుంటుంటే విన్న."

అరుణ్ ఆమెను బస్సు ఎక్కించాడు. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడి ఆమె ముఖమే చూశాడు.

ఇంటికి రాగానే ఆమె మొగుడి మీద పడింది. "దాన్ని తమ్మునికి అప్పజెప్పు. మనంతల మనం ఇచ్చినమంటే కనికరం ఉంటది."

"పంట చేతికి రానీయే. ఒక్క పంది పడ్డదంటే మిగిలినయి రావు."

"పందితోని ఆగుతదా అది?"

వాకిట్లో దగ్గు వినిపించింది. భూపాల్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వచ్చి ఎంతసేపైందో తెలియదు.

"ఏంది వదినా, సంతకు పోయి ఉత్త సంచి తెచ్చినవ్?" అన్నాడు నవ్వుతూ. "తమ్ముడు బాగున్నడా?"

తమ్ముణ్ని కలిసినట్టు ఆమె ఎవరికీ చెప్పలేదు.

మరునాడు తెల్లవారుజామున రూతు పొయ్యి అంటిస్తుంటే చేను వైపు నుంచి పెద్ద పేలుడు వినిపించింది. దాని వెంటనే మనిషి కేక. కాళ్లకు చెప్పులు లేకుండానే ఉరికింది. మక్కలో ఆశన్న పడి ఉన్నాడు. పక్క చేను రైతు, మోటార్ వేయడానికి అడ్డదారిన వచ్చాడు. తొడ నుంచి నెత్తురు కారి మట్టి బురదైంది. యేసుబాబు రెండు చేతులతో కండువా అదిమిపట్టి, "పంది అనుకున్న, పంది అనుకున్న," అని అదే మాట అంటున్నాడు. తుపాకీ అక్కడ లేదు. గట్టు అవతల భూపాల్ బండి చప్పుడు దూరమవుతోంది.

ఆశన్న బతికాడు. కాలు మాత్రం మోకాలి పైన తీసేశారు.

అదే రోజు సాయంత్రం ఎస్సై వచ్చాడు, వెనక అరుణ్. యేసుబాబు తల దించుకుని, గాలి తుపాకీయే సార్, భయంతో చెరువుల పారేసిన, అన్నాడు. మధ్యాహ్నం నుంచి ఫోన్‌లో భూపాల్ నేర్పిన మాటలవి.

"గాలి తుపాకీ ఎముకను నుగ్గు చేస్తదా?" అన్నాడు ఎస్సై. "ఎవరు మార్చిన్రు?"

"నేనే సార్. నేనొక్కన్నే."

ఏడేండ్లు అన్న మాట రూతు చెవుల్లో మోగింది. అరుణ్ నేల చూస్తున్నాడు. అక్క ఎందుకడిగిందో అతనికి ఇప్పుడు తెలుసు. నోరు విప్పాల్సింది మాత్రం ఆమే.

"ఆయన మార్చలే సార్," అంది. "భూపాల్ తీస్కపోయి మద్నూర్ దిక్కు మార్పిచ్చిండు. ఇప్పుడు గూడ తుపాకీ వాని తాన్నే ఉన్నది."

యేసుబాబు తలెత్తి ఆమెను చూశాడు. కోపం కాదది, భయం. "ఎంత పని చేసినవే, వాడు నిన్ను బతకనీయడు," అన్నాడు మెల్లగా.

అతన్ని జీపులో ఎక్కించుకుపోయారు. మద్నూర్ దగ్గర ఒక రేకుల షెడ్డులో పోలీసులకు కోసిన గొట్టాలు, మందు డబ్బాలు దొరికాయి. మనుషులు దొరకలేదు. భూపాల్ సరిహద్దు దాటి మహారాష్ట్రకు పోయాడని కొందరు, గాంధారి తండాల్లో చూశామని కొందరు అంటున్నారు.

ఎల్లారెడ్డికి వచ్చి ఉండమని అరుణ్ బతిమాలాడు. కంకులు ఎండిపోతున్నాయి, విరవకుంటే ఏడాది తిండి లేదంది రూతు. ఒక్కతే చేనులోకి దిగింది. తలకన్నా ఎత్తున్న మక్కలో పక్క సాలు కూడా కనపడదు. ఎక్కడ ఆకు కదిలినా విరవడం ఆపుతుంది, ఊపిరి బిగబట్టి వింటుంది. మళ్లీ కంకి మీద చెయ్యి వేస్తుంది.